స్పానిష్‌లో ‘అండి’ ఎక్కడుంది? ఒక ఫిజియోథెరపిస్టుతో 8 వారాలు

కాలు ఎత్తండి. మోకాలు వంచండి. ఊపిరి గట్టిగా పీల్చండి. అలాగే పట్టి ఉంచండి. ఇప్పుడు మెల్లగా దించండి.

ఫిజియోథెరపిస్టు పొద్దున్నుంచి సాయంత్రం దాకా మాట్లాడేది దాదాపు ఇంతే. కథలు చెప్పక్కర్లేదు, చర్చలు పెట్టక్కర్లేదు. పేషెంటు ఒంటికి సరైన క్షణంలో సరైన మాట అందితే చాలు. ఆ మాట ఒక్క సెకను ఆలస్యమైనా కాలు అప్పటికే కిందికి దిగిపోతుంది. నా దగ్గరకి ఆన్‌లైన్‌లో స్పానిష్ నేర్చుకోవడానికి వచ్చిన ఒక తెలుగమ్మాయి అవసరం సరిగ్గా ఇదే. ఆమె అనుమతితో, ఆమెని గుర్తుపట్టే వివరాలేవీ లేకుండా, ఆ 8 వారాల క్లాసుల గురించి రాస్తున్నాను. తెలుగువాళ్లకి స్పానిష్ చెప్పే టీచర్లకి, సొంతంగా నేర్చుకునేవాళ్లకి ఇందులో పనికొచ్చేది ఉందని నమ్ముతున్నాను.

ఆమె గుంటూరు వైపు పుట్టి పెరిగి, ఇక్కడే ఫిజియోథెరపీ చదివి, టెక్సస్‌లో స్థిరపడింది. 2020 జనాభా లెక్కల ప్రకారం టెక్సస్‌లో నూటికి 39 మంది హిస్పానిక్ మూలాలవాళ్లు. ఆమె క్లినిక్‌కి వచ్చే పెద్దవాళ్లలో చాలామంది మెక్సికో నుంచి, కొందరు ఎల్ సాల్వడోర్, హోండురాస్ నుంచి వచ్చినవాళ్లు. పరీక్ష, రిపోర్టు, సంతకాల్లాంటి ముఖ్యమైన సంగతులకి ఫోన్‌లో ఇంటర్‌ప్రెటర్ ఉంటారు. అది ఉండాలి కూడా, అందులో నాకు రెండో మాట లేదు. కానీ పేషెంటు చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నప్పుడు మధ్యలో ఫోన్ పనికిరాదు. ‘మేడమ్, నాకు ఒక 30 మాటలు నోటికొస్తే చాలు’ అంది మొదటి రోజే. ఏం కావాలో ఇంత స్పష్టంగా తెలిసి వచ్చేవాళ్లు నాకు అరుదుగా తగులుతారు.

మొదటి క్లాసులో ఆమె రోజూ వాడే ఆజ్ఞలు 20 తెలుగులో చెప్పి స్పానిష్‌లో అనమన్నాను. సరిగ్గా వచ్చినవి 3. అందుకు నేనేమీ కంగారు పడలేదు. ఆ తప్పుల్లో ఒక వరస కనిపించడమే నన్ను ఆకట్టుకుంది. కొన్నిచోట్ల ఆమె నిఘంటువులో ఉండే రూపాన్నే వాడింది. ‘ఎత్తడం’ అనే అర్థమున్న ‘లెవంతార్’ అని వదిలేసింది. కొన్నిచోట్ల ‘ఉస్తేద్ లెవాంత’ అంది. ఉస్తేద్ అంటే మర్యాదగా మీరు. కానీ ఆ మాటకి అర్థం ‘మీరు ఎత్తుతారు’ అని వస్తుంది, ఎత్తమని రాదు. ఇంకొన్నిచోట్ల ‘లెవాంత, పోర్ ఫవోర్’ అంది. అంటే ‘ఎత్తు, దయచేసి’. మూడూ మూడు రకాల తప్పుల్లా ఉన్నాయి గానీ వాటి వెనక ఉన్న వెతుకులాట ఒక్కటే. ఆ సంగతి నాకు రెండు వారాల తర్వాత గానీ అర్థం కాలేదు.

ఈ వ్యాసంలో స్పానిష్ మాటల్ని ఎలా రాశానో ముందే చెప్పాలి. ఏ అచ్చుని నొక్కి పలకాలో దానికి దీర్ఘం పెట్టాను, మిగతావి హ్రస్వాలు. ఇది కేవలం వ్యాసం కోసం పెట్టుకున్న ఏర్పాటు కాదు. ఈ కేసులో అసలు పని చేసింది ఇదే, ఆ విషయానికి వస్తాను.

ముందు నా పొరపాటు. పాఠ్యపుస్తకాల్లో చాలావరకు ఆజ్ఞలు ‘తూ’ రూపంతో మొదలవుతాయి. తూ అంటే నువ్వు, హిందీలో తూ లాంటిదే. సులువు కూడా. ‘అతను ఎత్తుతాడు’ అనడానికి వాడే ‘లెవాంత’నే తూకి ఆజ్ఞ. ‘కోమె’ అంటే తింటాడు, తిను కూడా. ‘ఆబ్రె’ అంటే తెరుస్తాడు, తెరువు కూడా. కొత్తగా నేర్చుకోవాల్సిందేమీ లేదు కాబట్టి నేనూ అక్కడే మొదలుపెట్టాను. రెండు వారాలు అదే చేయించాను. ఆమె చకచకా పట్టేసింది.

మూడో వారం క్లాసుకి చిన్నబోయిన మొహంతో వచ్చింది. మోకీలు మార్పిడి ఆపరేషనైన ఒక పెద్దావిడకి ‘లెవాంత ల ప్యేర్న’ అని చెప్పిందట, కాలెత్తు అని. పెద్దావిడ కాలెత్తింది, ఏమీ అనలేదు. పక్కనే కూర్చున్న కూతురు మాత్రం తర్వాత విడిగా పిలిచి, కోపం లేకుండానే, ‘మా అమ్మతో ఉస్తేద్‌లో మాట్లాడండి’ అందట. ‘మా నాయనమ్మని ఎవరైనా కుర్ర నర్సు కాలెత్తవే అంటే నాకెలా ఉంటుంది మేడమ్? నేను అదే చేశాను’ అంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. తప్పు ఆమెది కాదు. 70 ఏళ్లు దాటినవాళ్లతో పనిచేసే మనిషికి ముందు నువ్వు రూపం నేర్పింది నేను.

అప్పుడు అడిగింది ఆ ప్రశ్న. ‘స్పానిష్‌లో అండి ఏది మేడమ్?’

ఈ ఒక్క ప్రశ్నతో మొదటి రోజు తప్పులన్నీ నాకు విడిపోయాయి. తెలుగులో ఆజ్ఞని మర్యాదగా మార్చాలంటే మాట చివర ఒకటి తగిలిస్తాం. తిను, తినండి. చూడు, చూడండి. అసలు మాట చెక్కుచెదరదు, వెనక అండి వచ్చి చేరుతుంది. ఆమె మనసు స్పానిష్‌లో కూడా ఆ తగిలించే ముక్క కోసమే వెతుకుతోంది. ఒకసారి ఉస్తేద్‌ని ముందు పెట్టి చూసింది. ఇంకోసారి పోర్ ఫవోర్‌ని వెనక పెట్టి చూసింది. ఏదీ కుదరక ఒక్కోసారి నిఘంటువు రూపం దగ్గరే ఆగిపోయింది. కానీ స్పానిష్‌లో మర్యాద తగిలించేది కాదు. మాట చివరి అచ్చులోనే ఉంటుంది.

నోట్‌బుక్ తీసి తెలుగు లిపిలో రాయమన్నాను. అంతవరకూ ఇంగ్లీషు అక్షరాల్లోనే రాసుకునేది. ‘లెవాంత’ రాయండి, దాని కింద ‘లెవాంతె’ రాయండి. ఏం మారింది? ఒక్క క్షణం చూసి, ‘గుణింతం మారింది’ అంది. త తలకట్టు పోయి ఎత్వం వచ్చింది. మొదటిది ఎత్తు. రెండోది ఎత్తండి. అంతకంటే ఏమీ లేదు.

స్పానిష్ క్రియలు మూడు కుటుంబాలు. ఆర్‌తో ముగిసేవి, ఏర్‌తో ముగిసేవి, ఈర్‌తో ముగిసేవి. ఆర్ కుటుంబానికి సొంత అచ్చు అ. మర్యాదగా చెప్పాలంటే అది ఎ అవుతుంది: కమీన, కమీనె (నడు, నడవండి); రెస్పీర, రెస్పీరె (ఊపిరి పీల్చు, పీల్చండి); ఎంపూహ, ఎంపూహె (తొయ్యి, తొయ్యండి). మిగతా రెండు కుటుంబాలకీ ఎదురు దిక్కు. వాటి నువ్వు రూపం ఎత్వంతో ఉంటుంది, మీరు రూపం తలకట్టుకి వస్తుంది: కోమె, కోమ (తిను, తినండి), తోసె, తోస (దగ్గు, దగ్గండి), ఆబ్రె, ఆబ్ర (తెరువు, తెరవండి). అంటే ఒక కుటుంబం అచ్చుని రెండోది అరువు తెచ్చుకుంటుంది. పొరుగింటి అచ్చు మన గుమ్మంలోకి వచ్చిందంటే అక్కడ గౌరవం ఉందన్నమాట. ఇలా చెప్పాక ఆమెకి మళ్లీ వివరించాల్సిన పని పడలేదు.

ఒకరికంటే ఎక్కువమందికి చెప్పాలంటే చివర న్ చేర్చాలి: లెవాంతెన్, కోమన్, ఆబ్రన్. లాటిన్ అమెరికాలో పిల్లలకైనా పెద్దలకైనా బహువచనం ఇదే. స్పెయిన్‌లో స్నేహితుల గుంపుకి వేరే రూపం ఉంది, లెవంతాద్, కొమేద్, అబ్రీద్. ఆమెకి అవసరం లేదు కాబట్టి ఒకసారి వినిపించి వదిలేశాను.

‘చూడండి’ అనే మాట దగ్గర ఆమె మొహం వెలిగిపోయింది. చూడు అంటే మీర, చూడండి అంటే మీరె. ‘మీరే కదా మేడమ్!’ మర్యాద రూపం మన మీరులాగే వినబడటం యాదృచ్ఛికమే. ఆ రెండు భాషలకీ చుట్టరికం లేదు. అయినా ఆ రోజు నుంచి అనుమానం వచ్చినప్పుడల్లా ముందు మీరె అనుకుని, ఆర్ కుటుంబం కాబట్టి ఎత్వం అని లెక్క సరిచూసుకునేది. తనంతట తాను కనిపెట్టుకున్న ఆనవాలు కాబట్టి గట్టిగా నిలిచింది.

మర్యాద రూపం ఇలా ఎందుకు తిరగబడుతుందో కూడా చెప్పాను. వ్యాకరణం కోసం కాదు, అది మనకి తెలిసిన సంగతే కాబట్టి. ఉస్తేద్ అనే మాట ‘వ్వేస్త్ర మెర్సేద్’ నుంచి అరిగి అరిగి వచ్చింది. ‘తమ దయ’ అని అర్థం. ఎదుటి మనిషిని నేరుగా నువ్వు అనకుండా, ఆయన దయని ఉద్దేశించి మాట్లాడటం. అందుకే ఎదుట ఉన్నా క్రియ మూడో మనిషి గురించి చెప్పినట్టు ఉంటుంది. మూడో మనిషికి నేరుగా ఆజ్ఞ ఇవ్వలేం, కోరుకోగలం. మన ‘గాక’ ఉంది చూడండి, వర్ధిల్లుగాక అన్నప్పుడు వచ్చేది, అలాంటి రూపం అది. ఏటా సెప్టెంబర్ 15 రాత్రి మెక్సికో అధ్యక్షులు బాల్కనీలో నిలబడి ‘వీవ మేహికొ’ అని ఎలుగెత్తి పలుకుతారు. ఆ వీవ, ‘జీవించడం’ అనే ఈర్ క్రియకి సరిగ్గా ఈ రూపమే. మెక్సికో వర్ధిల్లుగాక. కాబట్టి పెద్దావిడతో ‘లెవాంతె’ అన్నప్పుడు ‘తమరు ఎత్తుదురు గాక’ అన్నట్టు. ఆమె దీన్ని తన అమ్మకి ఫోన్‌లో చెప్పిందట.

రూపం కుదిరాక ఇంకో చిక్కు బయటపడింది. తెలుగువాళ్లకి స్పానిష్ చెప్పే ప్రతి టీచరూ దీన్ని చెవితో పట్టుకోవాలి. నాలుగో వారం ఆమె రికార్డు చేసి పంపిన మాటల్లో రూపాలన్నీ సరిగ్గానే ఉన్నాయి, కానీ వింటే అర్థం మారిపోతోంది. ‘లెవంతే’ అంటోంది. చివర సాగదీస్తోంది. ఇంగ్లీషు అక్షరాల్లో చదివే అలవాటు వల్ల త కూడా ట అయి ‘లెవంటే’ అని వినబడుతోంది. స్పానిష్‌లో లెవాంతె అంటే ఎత్తండి. లెవంతే, అంటే చివరి అచ్చుని నొక్కితే, ‘నేను ఎత్తాను’ అని జరిగిపోయిన సంగతి. కమీనె అంటే నడవండి, కమినే అంటే నేను నడిచాను. రెస్పీరె, పీల్చండి. రెస్పిరే, నేను పీల్చాను. మోకాలు నొప్పితో పళ్లు బిగబట్టుకున్న మనిషికి థెరపిస్టు వచ్చి ‘నేను నడిచాను’ అంటే ఏమర్థమవుతుంది?

ఈ తేడా చెప్పడానికి నొక్కు, ఊనిక అంటూ చాలా వివరించే పద్ధతి ఒకటుంది. మనకి అక్కర్లేదు. కల, కాల వేరని మనకి పుట్టుకతో తెలుసు. నొక్కాల్సిన అచ్చుకి దీర్ఘం పెట్టి రాసుకోమన్నాను. స్పానిష్ నొక్కు అంటే అచ్చంగా దీర్ఘమే అని కాదు, అందులో స్వరం ఎత్తు కూడా కలిసి ఉంటుంది. కానీ తెలుగు నోరు దీర్ఘం పలికితే అక్కడ నొక్కు దానంతట అదే పడుతుంది. తెలుగు లిపిలో రాయగానే ట పోయి త వచ్చింది, స్పానిష్ త, ద మన త, ద లాంటివే, పళ్లకి నాలుక తగిలేవి. ఐదు అచ్చులూ మనవే. ఇన్ని మనవైపు ఉండగా ఇంగ్లీషు అక్షరాల మీదుగా చుట్టుతిరిగి వెళ్లడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. ఇంగ్లీషు మీడియంలో చదువుకున్న పిల్లలకి ఇది మరీ అవసరం.

లిపి వల్ల ఇంకో మేలు కూడా జరిగింది. ‘తాకడం’ తొకార్, ‘దాటడం’ లేదా ‘ఒకదానిమీద ఒకటి వెయ్యడం’ క్రుసార్. వీటి మర్యాద రూపాలు రోమన్ లిపిలో రాసేటప్పుడు అక్షరాలు మారిపోతాయి, తొకార్‌లో క శబ్దం రాసే అక్షరం ఎత్వం ముందు సగా మారుతుంది కాబట్టి వేరే జంట అక్షరాలు తెచ్చుకోవాలి, క్రుసార్‌లో స శబ్దం రాసే అక్షరం ఎత్వం ముందు ఇంకో అక్షరానికి చోటిస్తుంది. నేర్చుకునేవాళ్లు అక్కడ భయపడి, ఇవి దారి తప్పిన క్రియలు అనుకుంటారు. తెలుగులో రాస్తే తోక, తోకె. క్రూస, క్రూసె. గుణింతం తప్ప ఏమీ మారలేదు. శబ్దం దారి తప్పలేదని కళ్లకి కనబడుతుంది. స్పెల్లింగ్ సంగతి ఆ తర్వాత ఒక అరగంటలో చెప్పేశాను.

ఇక మెట్లు. ఈ కేసులో నాకు బాగా గుర్తుండిపోయేది అదే. మోకీలు ఆపరేషనైనవాళ్లకి మెట్లెక్కడం నేర్పేటప్పుడు ఒక నియమం ఉందట. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషనైన కాలు ముందు. స్పానిష్‌లో ఆ నియమాన్ని ఒక్క ఊపిరిలో చెప్పొచ్చు. ‘సూబ కొన్ ల బ్వేన, బాహె కొన్ ల మాల.’ మంచిదానితో ఎక్కండి, చెడ్డదానితో దిగండి. ఎక్కడం, సుబీర్, ఈర్ కుటుంబం. దిగడం, బహార్, ఆర్ కుటుంబం. కాబట్టి మర్యాదగా చెప్పాలంటే ఒకటి తలకట్టుతో ముగుస్తుంది, రెండోది ఎత్వంతో. ఆమె పదే పదే ‘సూబె, బాహె’ అనేది, రెండూ ఒకేలా ఉండాలని చెవి కోరుకుంటుంది కదా. మొదటిది నువ్వు, రెండోది మీరు అయిపోతుంది. ఒకే వాక్యంలో ఎక్కు, దిగండి.

దీనికి పుస్తకంతో పనిలేదనిపించింది. ‘మీ ఇంట్లో మెట్లున్నాయా?’ అని అడిగాను. ఉన్నాయి. ఫోన్ చేత్తో పట్టుకుని, కెమెరా తన కాళ్ల వైపు తిప్పి, ఎక్కుతూ సూబ, దిగుతూ బాహె. ఒక్కో మెట్టుకి ఒక్కో మాట. సూబ అన్నప్పుడు నోరు తెరుచుకోవాలి, బాహె అన్నప్పుడు పెదాలు పక్కలకి పోవాలి. 12 మెట్లు, 3 సార్లు. రొప్పుతూ, ‘మేడమ్, నా పేషెంట్ల కష్టం నాకిప్పుడు తెలుస్తోంది’ అంది. మర్నాటి నుంచి ఆ రెండు మాటలూ తారుమారు కాలేదు.

ఐదో వారం నుంచి ఇంటిపని మార్చాను. వాక్యాలు రాయించడం మానేసి, పేషెంట్ల నోట, వీధిలో విన్న ‘అండి’లని ఏరుకు రమ్మన్నాను. చాలా తెచ్చింది. తలుపు దగ్గర ‘పాసె’, లోపలికి రండి. మెక్సికన్ కిరాణా కొట్టు తలుపు మీద ‘ఎంపూహె’, ‘హాలె’, తొయ్యండి, లాగండి. దారి ఇవ్వమనడానికి ‘దిస్కూల్పె’, క్షమించండి. ‘ఎస్పేరె’, ఆగండి. అన్నిటికంటే ఆమెకి నచ్చింది ‘మాందె’. మెక్సికోవాళ్లు సరిగ్గా వినబడనప్పుడు మాందె అంటారు. అది ‘ఆజ్ఞాపించడం’ అనే క్రియకి మర్యాద ఆజ్ఞ, సెలవివ్వండి అన్నట్టు. రెండేళ్లుగా రోజూ వింటున్న మాటే, అది ఏమిటో ఇప్పుడు తెలిసింది. ఎల్ సాల్వడోర్ పేషెంట్లు తమలో తాము మాట్లాడుకునేటప్పుడు వేరే రూపాలు వినిపిస్తున్నాయని కూడా చెప్పింది. అక్కడ తూ బదులు ‘వోస్’ వాడతారు, ఆజ్ఞలు అబ్లా, కొమే, అబ్రీ అని చివర నొక్కుతో వస్తాయి. కానీ ఉస్తేద్‌కి మాత్రం మెక్సికోలోనూ, ఎల్ సాల్వడోర్‌లోనూ, స్పెయిన్‌లోనూ ఒకటే రూపం. ఆమెకి ముందు నేర్పాల్సింది ఇదేనని నాకు మళ్లీ రూఢి అయింది.

‘దాన్ని’ అనే మాటని క్రియకి వెనక అతికించడం ఆరో వారం పని. కాలు గురించి మాటైతే ‘లెవాంతెల’, దాన్ని ఎత్తండి. మాట పొడుగైనా నొక్కు పాత చోటే ఉండాలి, వాం దగ్గర. దీర్ఘం పెట్టి రాసుకునే అలవాటు ఉంది కాబట్టి ఇది ఒక్క క్లాసులో అయిపోయింది. అదే పద్ధతిలో ‘లెవాంతెసె’, మీరు లేవండి, కూడా వచ్చింది. కూర్చోండి, పడుకోండి అనేవి మాత్రం క్రమం తప్పిన క్రియలు. వాటిని విడమర్చకుండా ‘స్యేంతెసె’, ‘అక్వేస్తెసె’ అని ముద్దలుగా కంఠస్థం చేయించాను.

8వ వారం చివర మొదటి రోజు అడిగిన 20 ఆజ్ఞల్నే, వరస మార్చి, ఆలోచించుకునే టైమ్ ఇవ్వకుండా అడిగాను. 17 సరిగ్గా వచ్చాయి. తప్పిన మూడింటిలో రెండు ఏర్ క్రియలు. ఆర్ క్రియలు లెక్కకి ఎక్కువ, ఆమె పనిలో ఇంకా ఎక్కువ, కాబట్టి నోరు ఎత్వం వైపే జారుతోంది. దానికి ఇంకా అభ్యాసం కావాలి. అలసిపోయిన సాయంత్రాల్లో చివరి అచ్చు సాగదీయడం కూడా పూర్తిగా పోలేదు. పిల్లల పేషెంట్లు వచ్చినప్పుడు తూ రూపం కావాలి, అది ఇప్పుడు కొంచెం తడబడుతోంది. ఐదారేళ్ల పిల్లాడికి ఉస్తేద్‌లో చెబితే నష్టమేమీ లేదు, అమ్మమ్మకి తూలో చెబితే ఉంది. కాబట్టి ఆ తడబాటు గురించి నేను తొందరపడటం లేదు.

చివరి క్లాసులో ఆమె అడిగింది, ‘వద్దు అని చెప్పాలంటే ఎలా మేడమ్? తుంటి ఆపరేషనైనవాళ్లకి కాలు మీద కాలు వేసుకోవద్దని రోజుకి పదిసార్లు చెప్పాలి.’ తూ రూపమే తెలిసినవాళ్లకి ఇది పెద్ద పాఠం, వాళ్లు ఇక్కడ మళ్లీ కొత్త రూపం నేర్చుకోవాలి. ఉస్తేద్ రూపం నోటికొచ్చిన ఆమెకి ముందు ‘నో’ పెట్టడం తప్ప ఇంకేమీ లేదు. క్రూసె, నో క్రూసె. ‘నో క్రూసె లస్ ప్యేర్నస్’ అని ఆమే పూర్తి చేసింది, నొక్కులన్నీ సరిగ్గా. ఆ తర్వాత తన జాబితాలో ఉన్న 30 మాటలకీ వరసగా ముందు నో పెట్టి చదివింది. క్లాసు అయిపోవడానికి ఇంకా 20 నిమిషాలు మిగిలే ఉన్నాయి.